ఇంట్లో ఒక్కొక్కరికీ హ్యాండ్ ఫుట్ మౌత్, ఇప్పుడు మా ఆయన వంతు

రెండోషిఫ్ట్
పెద్దవాడికి నాలుగేళ్లు, ప్లేస్కూల్ నుంచి తెచ్చాడు. ముందు జ్వరం, తర్వాత నోట్లో పుండ్లు, ఆ వెనకే అరిచేతుల్లో, అరికాళ్లలో, పిర్రల మీద ఎర్రటి పొక్కులు. డాక్టరు చూసి "వైరస్సే, వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది, జ్వరానికి పారాసిటమాల్ వేయండి" అని పంపించేశారు. వాడు కాస్త తేరుకున్నాడు అనుకునేలోపు పది నెలల చిన్నదానికి మొదలైంది. ఇవాళ పొద్దున మా ఆయన గొంతు నొప్పి అంటున్నారు, ఒళ్లు కాలిపోతోంది. ఇది చిన్నపిల్లల జబ్బు కదా, ఈయనకెలా వచ్చింది?

చిన్నది పాలకి వస్తుంది, రెండు గుక్కలు తాగి ఏడుస్తూ వదిలేస్తుంది. పెద్దవాడు తిండి చూస్తేనే నోరు మూసుకుంటున్నాడు. ఇక నేను కూడా పడితే ఇల్లు చూసేవాళ్లెవరూ లేరు. ఎవరింట్లోనైనా ఇలా వరసగా అందరికీ వచ్చిందా? ఎలా నెట్టుకొచ్చారు? వేరే గదిలో పెట్టండి అనేవాళ్లకి ముందే చెప్తున్నా, ఉన్నవి రెండే గదులు, చిన్నది చంకలోంచి దిగదు.

మూడుకోతులఅమ్మ
మా ఇంట్లో ముగ్గురికీ వచ్చింది, తర్వాత నాకూ వచ్చింది. ముందు ఒక్క పని చేయండి. ఇల్లు నీట్‌గా ఉండాలి, టీవీ ఎక్కువ చూడకూడదు, అందరూ టైముకి భోంచేయాలి లాంటివన్నీ ఈ వారానికి గట్టు మీద పెట్టేయండి. పిల్లలు ఏదో ఒకటి తాగుతున్నారా, ఉచ్చ పోస్తున్నారా, నొప్పి తగ్గిందా. ఈ మూడూ చాలు.

కందిరీగ
మీ ఆయనకి నిజంగా అదేనా, లేక పిల్లలకి వచ్చిందని తెలిసి వచ్చిన మగవాళ్ల జ్వరమా?

నిద్రలేనినాన్న
కందిరీగ, నవ్వుకోండి. నాకు పోయినేడు వచ్చింది. అరికాళ్ల నిండా పొక్కులు, గాజు పెంకుల మీద నడిచినట్టు ఉండేది. బాత్‌రూముకి మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాను. అదే వైరస్‌తో మావాడు మాత్రం సోఫా మీద ఎగురుతున్నాడు.

వార్డునర్సు
పిల్లల వార్డులో పనిచేస్తాను. డాక్టర్ని కాదు, ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి.

పెద్దవాళ్లకి రాదనేది తప్పు. ఇది ఎంటిరోవైరస్‌ల గుంపు. కాక్స్‌సాకీ ఎ16, ఎ6, ఎ10, ఎంటిరోవైరస్ 71, ఇలా చాలా రకాలున్నాయి. చిన్నప్పుడు ఏదో ఒక రకం తగిలి ఉంటుంది కాబట్టి చాలామంది పెద్దవాళ్లకి ఏమీ కనిపించదు, కానీ వాళ్ల ద్వారా కూడా పాకుతుంది. కొత్త రకం తగిలితే మాత్రం పెద్దవాళ్లు బాగానే పడతారు. ముఖ్యంగా ఎ6 వస్తే పొక్కులు చేతులు, కాళ్లతో ఆగవు. మోచేతులు, మోకాళ్లు, నోటి చుట్టూ, కొందరికి ఒళ్లంతా వస్తాయి. కాబట్టి నిద్రలేనినాన్న గారు పాకారంటే నటన అయి ఉండదు.

చిన్నదాని విషయం ముందు చూడండి. పాలు పట్టే అరగంట ముందు పారాసిటమాల్ వేయండి, నొప్పి తగ్గాక పట్టించండి. జ్వరం ఉంటేనే వేయాలని లేదు, నొప్పికీ వేయొచ్చు. మోతాదు బరువుని బట్టి ఉంటుంది, కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరేసి గంటల తేడాతో, రోజుకి నాలుగుసార్లు దాటకుండా. పిల్ల ఎనిమిది కిలోలైతే ఒకసారికి 120 మిల్లీగ్రాములు. సీసా మీద చదవండి. కొన్ని సిరప్‌లలో 5 మి.లీ.కి 120 ఉంటుంది, కొన్నిటిలో 250 ఉంటుంది. అన్నకి తెచ్చిన సీసాలోంచి చెల్లెలికి అదే చెంచా లెక్కన పోసేయకండి.

రెండోషిఫ్ట్
మా ఇంట్లో రెండు సీసాలూ ఉన్నాయి! ఇప్పుడే చూశాను, ఒకటి 120, ఒకటి 250. వెంటనే విడివిడిగా పెట్టేశాను. నర్సు గారూ, చాలా థాంక్స్.

లెక్కలమాస్టారు
సీసాల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించండి. ఎవరికి, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకి, ఎవరు వేశారు. రాత్రి రెండింటికి మీరు వేస్తారు, మూడింటికి ఆయన లేచి మళ్లీ వేస్తారు. ఇద్దరూ నిద్రమత్తులోనే ఉంటారు. పెద్దవాళ్ల పారాసిటమాల్ కూడా అందులోనే రాయండి, ఎందుకంటే జలుబు మాత్రల్లో కూడా అది కలిసి ఉంటుంది.

మూడుకోతులఅమ్మ
కాగితం పక్కన పెన్ను దారంతో కట్టండి. లేకపోతే పెన్ను పిల్లల నోట్లో తేలుతుంది, దాంతో వైరస్ మళ్లీ మొదటికొస్తుంది.

మేనత్త
మా మేనల్లుడికి వస్తే డాక్టరు యాంటీబయాటిక్ రాశారు, మూడు రోజుల్లో తగ్గింది. మీ డాక్టరు ఎందుకు రాయలేదో అడగండి. ఊరికే వైరస్ అని పంపించేస్తే ఎలా?

వార్డునర్సు
మేనత్త గారూ, మీ మేనల్లుడికి యాంటీబయాటిక్ వేయకపోయినా అదే మూడు రోజుల్లో తగ్గేదేమో. అది బ్యాక్టీరియాకి మందు, దీని మీద పనిచేయదు. పొక్కులు గోకి చీము పట్టినా, చుట్టూ ఎరుపు పాకుతూ వేడిగా ఉన్నా అప్పుడు అవసరం రావచ్చు, అది వేరే సంగతి. అసైక్లోవిర్ కూడా దీనికి కాదు, అది హెర్పిస్ జాతి వైరస్‌లకి వాడేది.

మేనత్త
సరే. కానీ మందేమీ లేదని చెప్పి పంపిస్తే తల్లి మనసు ఊరుకోదు కదా, అదీ చెప్పండి.

కందిరీగ
తల్లి మనసు ఊరుకోవడానికి పిల్లకి మందు వేయడమెందుకు, తల్లికే వేయొచ్చు కదా!

మూడుకోతులఅమ్మ
కందిరీగకి పిల్లలు లేరని ఇప్పుడు ఖాయమైంది.

కందిరీగ
ఇద్దరున్నారు. అందుకే ఇలా తయారయ్యాను.

నిద్రలేనినాన్న
రెండోషిఫ్ట్ గారూ, చిన్నదానికి సూదిలేని సిరంజి వాడి చూడండి. మందు సీసాతో వస్తుంది కదా, అదే. కొంచెం చల్లగా చేసిన పాలు తీసుకుని బుగ్గ లోపలి వైపు నెమ్మదిగా పోయాలి, 5 మి.లీ., కాసేపు ఆగి మళ్లీ 5 మి.లీ. నోరు కదిలించి చీకడమే నొప్పి. మింగడం కొంచెం తేలిక. మావాడు సీసా చూస్తే పరిగెత్తేవాడు, సిరంజి ఇస్తే ఆటనుకుని తాగేవాడు. గొంతులోకి మాత్రం సూటిగా కొట్టకండి, పొలమారుతుంది.

వార్డునర్సు
నిద్రలేనినాన్న గారు చెప్పింది సరైన పద్ధతి. తల్లి పాలు పిండి తీసి కూడా ఇలాగే పట్టించొచ్చు. రొమ్ము పాలు మాత్రం మానకండి, తల్లికి వచ్చినా మానక్కర్లేదు. పెద్దవాడికి చల్లనివి, మెత్తనివి ఇవ్వండి. ఐస్‌క్రీం తింటానంటే ఐస్‌క్రీమే భోజనం అనుకోండి, ఈ వారం ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. పండ్ల రసాలు ఆరోగ్యమని బలవంతంగా పోయకండి, పుల్లటి రసం పుండ్ల మీద పడితే మంటకి మర్నాడు నీళ్లు కూడా తాగడు. తిండి నాలుగు రోజులు తగ్గినా కంగారు లేదు. నీళ్లు తగ్గితేనే కంగారు.

ఎనిమిది గంటలుగా డైపర్ తడవలేదు, ఏడిస్తే కన్నీళ్లు రావట్లేదు, నాలుక పొడిగా ఉంది, మాడు లోపలికి పోయింది, పిల్ల వేలాడిపోతోంది. వీటిలో ఏది కనిపించినా ఇక్కడ రాస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

అనుమానంపక్షి
నోట్లో పుండ్ల మీద పూసే జెల్ ఉంటుంది కదా, తిమ్మిరెక్కించేది? అది పూస్తే తాగుతారు కదా, అందరూ ఈ సిరంజి తంటాలు ఎందుకు పడుతున్నారు?

వార్డునర్సు
లిడోకెయిన్, బెంజోకెయిన్ జెల్స్ గురించా? చిన్నపిల్లలకి వద్దు. చొంగతో పాటు మింగేస్తారు, ఎంత లోపలికి పోయిందో లెక్క ఉండదు. లిడోకెయిన్ ద్రవం ఎక్కువైతే ఫిట్స్, గుండె సమస్యలు వస్తాయని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2014లో గట్టిగా హెచ్చరించింది. బెంజోకెయిన్‌తో రెండేళ్లలోపు పిల్లల్లో రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితి వచ్చే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్ కూడా పిల్లలకి అసలు వద్దు, మెదడుని, లివర్‌ని దెబ్బతీసే రేయిస్ సిండ్రోమ్ భయం. ఇబుప్రోఫెన్ ఆరు నెలలు దాటిన పిల్లలకి డాక్టరు చెప్తే వేయొచ్చు, కానీ సరిగ్గా నీళ్లు తాగని పిల్లకి వేస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. అందుకే ముందు పారాసిటమాలే.

రెండోషిఫ్ట్
సిరంజి పనిచేసింది!!! అరగంట కూర్చుని పట్టించాను. సగం నా నైటీ మీదే పడింది కానీ మిగతా సగం లోపలికి వెళ్లింది. డైపర్ కూడా తడిసింది. డైపర్ తడిస్తే ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఇంకో సందేహం. ఇంట్లో అన్ని చోట్లా శానిటైజర్ సీసాలు పెట్టాను, అయినా ఇలా అందరికీ ఎలా పాకింది?

లెక్కలమాస్టారు
శానిటైజర్ దీని మీద పెద్దగా పనిచేయదు. కరోనా, ఫ్లూ వైరస్‌లకి పైన కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ దాన్ని కరిగించేస్తుంది. ఎంటిరోవైరస్‌లకి ఆ పొర లేదు. సబ్బు, నీళ్లతో ఇరవై సెకన్లు రుద్ది కడగాలి. చంపడం కాదు, చేతి మీద నుంచి కడిగి పంపించేయడం.

నిద్రలేనినాన్న
ఇది నాకెవరూ చెప్పలేదు. శానిటైజర్ రాసుకుని ధీమాగా తిరిగాను, చివరికి మోకాళ్ల మీద పాకాను.

వార్డునర్సు
ముఖ్యంగా డైపర్ మార్చాక కడగండి. వైరస్ చొంగలో, ముక్కు చీమిడిలో, పొక్కుల నీళ్లలో ఉంటుంది, మలంలో అయితే పిల్ల పూర్తిగా కోలుకున్నాక కూడా వారాల తరబడి వస్తూనే ఉంటుంది. ముక్కు తుడిచాక, డైపర్ మార్చాక, తిండి పెట్టేముందు కడిగితే చాలావరకు తగ్గించొచ్చు. గోడలు, కర్టెన్లు కడుక్కుంటూ ఒళ్లు హూనం చేసుకోకండి. బొమ్మలు, తలుపు గడియలు, కుళాయి, ఫోను, రిమోట్, ఇవి చాలు. బ్లీచ్ వాడితే సీసా మీద చెప్పినంత నీళ్లు కలిపి, కాసేపు తడిగా ఉంచి తుడవండి. యాసిడ్‌తో, ఇంకో క్లీనర్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది. తువ్వాళ్లు, గ్లాసులు, చెంచాలు ఎవరివి వాళ్లకి.

మూడుకోతులఅమ్మ
నర్సు గారి మీద గౌరవంతోనే అంటున్నా. ఎవరి గ్లాసు వాళ్లకి అనేది కాగితం మీద బావుంటుంది. మా చిన్నది తను కొరికింది నా నోట్లో పెట్టి "తిను" అంటుంది. తినకపోతే ఏడుస్తుంది. మొదటివాడికి పొక్కులు కనిపించేసరికే ఇల్లంతా అంటుకుని ఉంటుంది. నా అనుభవంలో ఇంట్లో ఆపడం అనేది భ్రమ. ఆ ఓపిక నిద్రకి దాచుకోవాలి.

అనుమానంపక్షి
నేను ఒప్పుకోను. మా ఇంట్లో పెద్దదానికి వచ్చినప్పుడు నెలల పిల్లాడు ఉన్నాడు. డైపర్లు, ఎంగిలి పనులు నావి, పిల్లాడి పనులు మా ఆవిడవి, కచ్చితంగా పంచుకున్నాం. వాడికి రాలేదు. భ్రమ అని వదిలేస్తే వచ్చేదేమో.

మూడుకోతులఅమ్మ
లేదా వాడికి వచ్చి కూడా ఏమీ కనిపించకుండా పోయిందేమో! మీకెలా తెలుసు?

అనుమానంపక్షి
అనుమానం నా డిపార్ట్‌మెంటు, మీరు తీసుకోకండి.

వార్డునర్సు
ఇద్దరి మాటా కొంత నిజమే. పొక్కులు రాకముందే అంటడం మొదలవుతుంది, మొదటి వారంలో జోరు ఎక్కువ. కాబట్టి పూర్తిగా ఆపడం కష్టం. కానీ ఇంట్లో నెలల పసికందు, గర్భిణి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు ఉంటే మాత్రం అనుమానంపక్షి గారిలా కష్టపడటం దండగ కాదు. మిగతావాళ్లు చేతులు కడుక్కుని పడుకోండి.

సైలెంట్‌రీడర్
ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను. గర్భిణి అనే మాట చూసి రాస్తున్నాను. నాకు ఎనిమిదో నెల నిండుతోంది, నిన్ననే పెద్దదానికి ఇదే అన్నారు. భయంగా ఉంది.

వార్డునర్సు
భయపడకండి. గర్భిణులకి వచ్చినా చాలావరకు స్వల్పంగా వచ్చి పోతుంది. కానీ మిమ్మల్ని చూసే డాక్టరుకి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే కాన్పు దగ్గర్లో తల్లికి వస్తే పుట్టిన బిడ్డకి కూడా అంటుకునే అవకాశం ఉంది. ఎక్కువమంది పసికందులకి తేలిగ్గానే పోతుంది, ఎప్పుడో ఒకరికి మాత్రం తీవ్రంగా వస్తుంది, అందుకే వాళ్లకి ముందే తెలిసి ఉండాలి. పెద్దదాని ముక్కు తుడవడం, బాత్‌రూము పనులు ఇంకొకరికి అప్పగించండి. దాని ఎంగిలి తినకండి.

సైలెంట్‌రీడర్
చేశాను. జ్వరం గానీ పొక్కులు గానీ వస్తే వెంటనే రమ్మన్నారు. పెద్దదాని పనులన్నీ మా ఆయనకి ఇచ్చేశాను. ఈ ఏర్పాటు కాన్పు తర్వాత కూడా కొనసాగేలా చూస్తాను.

కందిరీగ
మొదటిసారి రాసి ఇంత మంచి ప్లాన్ వేశారు. ఇన్నాళ్లు ఎందుకు సైలెంట్‌గా ఉన్నారండీ.

అనుమానంపక్షి
ఒక మాట చెప్తే తిడతారేమో. దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటున్నారు కానీ 1998లో తైవాన్‌లో ఇదే జబ్బుతో 78 మంది పిల్లలు చనిపోయారు. నేను చదివాను.

మేనత్త
అర్ధరాత్రి ఇవన్నీ ఎందుకు రాస్తారు బాబూ. ఆవిడ అసలే ఒంటరిగా అవస్థ పడుతోంది.

వార్డునర్సు
చదివింది నిజమే, రాసినందుకు తప్పు పట్టను. అది ఎంటిరోవైరస్ 71 రకం. అరుదుగా మెదడుకి, గుండెకి ఎక్కుతుంది. ఎక్కువమంది పిల్లలకి ఏ రకం వచ్చినా మామూలుగానే తగ్గిపోతుంది. ఏ రకమో ఇంట్లో తేల్చలేం, కాబట్టి లక్షణాలే చూడాలి. జ్వరం మూడు రోజులు దాటడం, ఆగని వాంతులు, నిద్రలో పదే పదే ఒళ్లు జలదరించినట్టు ఉలిక్కిపడటం, తూలుతూ నడవడం, చేతులు వణకడం, మెడ బిగుసుకోవడం, ఊపిరి వేగంగా తీయడం, లేపినా మత్తుగా ఉండటం. వీటికి తెల్లారేదాకా ఆగకూడదు. ఆరు నెలల లోపు పిల్లలకి వస్తే వీటిలో ఏ లక్షణం లేకపోయినా డాక్టరుకి చూపించండి.

లెక్కలమాస్టారు
ఆ 71 రకానికి టీకా ఉంది. చైనాలో 2015లో అనుమతి ఇచ్చారు. అది ఒక్క 71కే, ఎ16, ఎ6కి పనిచేయదు. అందుకే అంతటా అందరికీ వేసే టీకాల్లో ఇది కనిపించదు.

రెండోషిఫ్ట్
చదివి లేచి వెళ్లి ఇద్దర్నీ చూసొచ్చాను. హాయిగా పడుకున్నారు. ఉలిక్కిపడటం లేదు. ఉలిక్కిపడింది నేనే.

మా ఆయనకి అరిచేతుల్లో మొదలయ్యాయి. ఫోన్ పట్టుకోలేకపోతున్నారు. చొక్కా గుండీలు నేనే పెట్టాను. పెద్దవాడు వెళ్లి "నాన్నా, నాకూ వచ్చింది, నేను ఏడవలేదు" అని ధైర్యం చెప్తున్నాడు. అబద్ధం, వాడు ఇల్లు పీకి పందిరేశాడు.

నిద్రలేనినాన్న
ఆయనకి చల్లని నీళ్ల బేసిన్లో కాళ్లు పెట్టమనండి, తర్వాత మెత్తటి వదులు సాక్స్. దురద ఉంటే కాలమైన్ లోషన్ రాయొచ్చు. రాత్రి దురదకి డాక్టర్ని అడిగి సెట్రిజిన్ తీసుకున్నాను, కాస్త నిద్ర పట్టింది. పొక్కులు చిదమొద్దని చెప్పండి, అందులో నీళ్లలో కూడా వైరస్ ఉంటుంది. పెద్దవాళ్లకి మొదటి రెండు మూడు రోజులే నరకం, తర్వాత దిగుతుంది.

మూడుకోతులఅమ్మ
రెండోషిఫ్ట్, మీరు ఎప్పుడు పడుకుంటున్నారు? ఆయన చేతులే కదా పనిచేయనిది, కళ్లు పనిచేస్తాయి. పిల్లలు నిద్రపోయిన మొదటి నాలుగు గంటలు ఆయన కాపలా, మీరు పడుకోండి. లేస్తే పిలుస్తారు. ఇద్దరూ సగం సగం మేలుకుంటే ఇద్దరూ పాడవుతారు. ఇంకోటి, వండి తలుపు దగ్గర పెట్టి వెళ్లే ఒక మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, మీరు పడ్డాక కాదు. "ఏదైనా సాయం కావాలా" అని అడిగేవాళ్లకి "అవును, రేపు సాయంత్రం తిండి" అని చెప్పేయండి. మొహమాటపడితే వాళ్లు మెసేజ్‌లో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు.

రెండోషిఫ్ట్
అడిగాను. ఎదురింటావిడ వెంటనే సరే అన్నారు. ఏదో ఒకటి చెప్తారేమో అని ఇంతకాలం అడగలేదు. నాకింకా ఏమీ రాలేదు, గొంతు మింగి మింగి చూసుకుంటున్నా.

లెక్కలమాస్టారు
అంటిన మూడు నుంచి ఆరు రోజుల్లో బయటపడుతుంది, అందుకే ఇంట్లో ఇలా గ్యాప్ ఇచ్చి ఒక్కొక్కరికీ వస్తుంది. ఆయన తర్వాత ఒక వారం చూడండి. మింగి చూసుకుంటే మామూలు గొంతు కూడా నొప్పి పెడుతుంది.

బాలబడి_టీచర్
వేరే వైపు నుంచి రాస్తున్నాను. పిల్లాడు ఆడుతున్నాడు కదా అని పొక్కులతో పంపించేస్తున్నారు. ఒక్కరు పంపితే క్లాసు మొత్తం ఖాళీ. మా దగ్గర పొక్కులు పూర్తిగా ఎండేదాకా రానివ్వం.

కందిరీగ
టీచర్ గారూ, మా పిల్లల బడిలో ముందు ఎవరికో వచ్చింది, వారం దాకా మాకెవరికీ చెప్పలేదు. చెప్తే పిల్లలు రారని. రూలు మాకే ఉండాలా?

బాలబడి_టీచర్
అది తప్పే. పేరు చెప్పకుండా "క్లాసులో ఒకరికి వచ్చింది, గమనించండి" అని ఒక మెసేజ్ పెడితే చాలు. మేం పెడతాం. కానీ పెట్టిన రోజు తల్లిదండ్రుల గ్రూపులో "ఎవరు ఎవరు" అని పరిశోధన మొదలవుతుంది, అదీ చూశాను.

వార్డునర్సు
పంపే విషయంలో అమెరికా సీడీసీ లాంటి ప్రజారోగ్య సంస్థలు చెప్పేది కొంచెం వేరు. జ్వరం లేకపోతే, పిల్లాడు హుషారుగా ఉంటే, నోటి పుండ్ల వల్ల చొంగ కారిపోకుండా ఉంటే వెళ్లొచ్చు. మచ్చలు పోయేదాకా ఆపాలంటే లెక్క కుదరదు, ఎందుకంటే మలంలో వారాల తరబడి వస్తుంది, అన్నాళ్లు ఎవరూ ఆపలేరు. ఆ మాటకొస్తే లక్షణాల్లేకుండా వైరస్ మోసే పిల్లలు అదే క్లాసులో ఉంటారు.

బాలబడి_టీచర్
కాగితం మీద ఒప్పుకుంటాను. కానీ రెండేళ్ల పిల్లలు పదిమంది ఒకే బొమ్మని నోట్లో పెట్టుకునే గదిలో నేనుంటాను. నీళ్లు కారే పొక్కులుంటే పంపకండి, అంతే అడుగుతున్నా.

మూడుకోతులఅమ్మ
ఉద్యోగం చేసే తల్లిగా నాకు సీడీసీ మాట, టీచరుగారి పక్కింటి మనిషిగా టీచరు మాట నచ్చింది. కారే పొక్కులు ఆగాక పంపుతాను.

అనుమానంపక్షి
ఒకసారి వస్తే మళ్లీ రాదంటారు కదా. మా పెద్దదానికి రెండుసార్లు వచ్చింది. అంటే మొదటిసారి డాక్టరు తప్పు చెప్పారా?

లెక్కలమాస్టారు
పైన నర్సు గారు రకాలు చెప్పారు కదా. ఎ16 వచ్చి తగ్గితే ఎ16 నుంచే రక్షణ. మరుసటి ఏడాది ఎ6 రావచ్చు. డాక్టరు రెండుసార్లూ కరెక్టే.

తాతయ్య_ఆన్‌లైన్
ఇది గేదెలకి వచ్చే గాళ్లు, అదే గాలికుంటు జబ్బేనా? మనవడికి వచ్చిందని మా వాళ్లు చెప్తే అదే అనుకుని పశువుల వైపు వెళ్లొద్దన్నాను.

వార్డునర్సు
కాదండి, దాన్ని ఇంగ్లీషులో ఫుట్ అండ్ మౌత్ అంటారు, పేరు దగ్గరగా ఉంటుంది, వైరస్ పూర్తిగా వేరు. అది పశువుల నుంచి పిల్లలకి రాదు, ఇది పిల్లల నుంచి పశువులకి పోదు. మీ మనవడిని మీరు ఎత్తుకుంటే చేతులు కడుక్కోండి, అంతే.

తాతయ్య_ఆన్‌లైన్
ఎత్తుకున్నాక కడుక్కుంటా. ముందు కడుక్కుని తర్వాత ఎత్తుకోమంటుంది కోడలు.

వార్డునర్సు
కోడలు చెప్పింది కూడా చేయండి.

రెండోషిఫ్ట్
ఆలస్యంగా రాస్తున్నా, ఏమనుకోవద్దు. అందరూ లేచి తిరుగుతున్నారు. నాకు ఒక రాత్రి జ్వరం, నోట్లో రెండు పుండ్లు, అంతటితో పోయింది. ఎదురింటావిడకి ఒక వారం వంట బాకీ ఉన్నాను. కానీ మా ఆయన అరిచేతులు పొరలు పొరలుగా ఊడుతున్నాయి, నొప్పి లేదంటున్నారు. ఇది కూడా దీనివల్లేనా?

నిద్రలేనినాన్న
దీనివల్లే. నాకూ ఊడింది. ఆఫీసులో చేయి కలపడానికి జనం వెనక్కి తగ్గారు. కొన్నాళ్లకి సర్దుకుంటుంది, మామూలు మాయిశ్చరైజర్ చాలు. లాగకండి.

వార్డునర్సు
ఇప్పుడే చెప్పి పెడుతున్నా, ఇంకో నెలకి చేతి గోళ్లు, కాలి గోళ్లు మొదలు దగ్గర నుంచి వదులై ఊడొచ్చు. ఎ6 వచ్చినవాళ్లలో ఎక్కువ చూస్తాం. అందరికీ అవ్వదు. జ్వరం వచ్చినప్పుడు గోరు పెరగడం కొన్నాళ్లు ఆగుతుంది, తర్వాత కొత్త గోరు కింద నుంచి పాతదాన్ని నెట్టేస్తుంది. నొప్పి ఉండదు, మందు అక్కర్లేదు.

మేనత్త
అయ్యో, మా మేనల్లుడికి అలాగే ఊడాయి! కాల్షియం తక్కువని ఇన్నాళ్లూ వాళ్ల అమ్మని సాధిస్తున్నాం.

కందిరీగ
వాళ్ల అమ్మకి ఈ లింక్ ముందు పంపండి.

రెండోషిఫ్ట్
పెద్దవాడి బొటనవేలి గోరు సగం లేచి సాక్స్‌కి తగులుకుంటోంది. కత్తిరించేయనా, వదిలేయనా? వాడికి ఇది పెద్ద ఘనకార్యం, ఇంటికి ఎవరొచ్చినా వేలు చూపిస్తున్నాడు.

వార్డునర్సు
లేచిన అంచు మాత్రం కత్తిరించండి, అతుక్కుని ఉన్న భాగం జోలికి పోకండి. మీద చిన్న బ్యాండేజీ వేస్తే దేనికీ తగులుకోదు. చుట్టూ ఎర్రగా వాచినా, చీము పట్టినా చూపించండి.

రెండోషిఫ్ట్
బ్యాండేజీ వేస్తానంటే ఒప్పుకోవట్లేదు, వేస్తే ఎవరికీ కనిపించదట.

మూడుకోతులఅమ్మ
బొమ్మలున్న బ్యాండేజీ వేయండి, అప్పుడు దాన్ని చూపిస్తాడు.